ఒక మస్టర్, నాలుగు జవాబులు: హైదరాబాద్ సైట్ల కూలి రేటుపై ఒక కేస్ స్టడీ

"బయటి లేబర్ దిగినకాడి నుంచి కూలి పడిపోయింది" అని కూలీల అడ్డా మీద అంటారు. "పడిపోయిందెక్కడ, లేబర్ బిల్లు ఏటా పెరుగుతూనే ఉంది కదా" అని బిల్డర్ అంటాడు. తమాషా ఏమిటంటే ఇద్దరూ ఒకే మస్టర్ (సైటు హాజరు, కూలి పట్టీ) చేతిలో పట్టుకునే మాట్లాడుతుంటారు, ఇద్దరి కూడికల్లోనూ తప్పుండదు.

కేసుకు తీసుకున్న సైటు కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు లేచే రకం టవర్. పోల్చేది స్లాబ్ దశలో ఉన్న రెండు మస్టర్లను. ఒకటి పాత ప్రాజెక్టుది, రెండోది పదేళ్ల తర్వాతది. కింది అంకెలు ఏ ఒక్క సైటువీ కావు. పద్ధతి చేతికి అందేలా గుండ్రంగా వేసినవి. రెండో మస్టర్ రేట్లలోంచి ధరల పెరుగుదలను ముందే తీసేశాం.

ఆ తీసేయడంలోనే చాలామంది మొదటి తప్పు చేస్తారు. పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచీకి 2020 సెప్టెంబర్ నుంచి ఆధార సంవత్సరం 2001 బదులు 2016 అయింది. పాత వరుసలో 300 దాటిన అంకె ఒక్క నెలలో 120 లోపుకు దిగినట్టు కనిపిస్తుంది. ధరలేమీ దిగలేదు, కొలబద్ద మారింది. రెండు వరుసలను అతకడానికి దేశం మొత్తానికి లింకింగ్ ఫ్యాక్టర్ (కొత్త అంకెను పాత వరుసలోకి మార్చే గుణకం) 2.88. ధరలు సేకరించే ఒక్కో కేంద్రానికి వేరుగా ఉంటుంది కాబట్టి హైదరాబాద్ లెక్కకు హైదరాబాద్‌దే వాడాలి. ఇది మరిచిపోయి భాగిస్తే కూలి మూడింతలైనట్టు తేలుతుంది. అలాంటి రిపోర్టులు బల్ల మీదికి వస్తూనే ఉంటాయి.

ఇక మస్టర్లు. మొదటిదాంట్లో 100 మంది: స్థానిక సెంట్రింగ్ మేస్త్రీలు 30 మంది, రోజుకు 900 రూపాయలు, మగ హెల్పర్లు 35 మంది, 600, ఆడకూలీలు 35 మంది, 450. రోజు బిల్లు 63,750. తలకు 637.50.

రెండోదాంట్లోనూ 100 మందే. స్థానిక మేస్త్రీలు 10 మంది, 950. స్థానిక మగ హెల్పర్లు 10 మంది, 630. ఆడకూలీలు 5 మంది, 480. ఒడిశా, జార్ఖండ్, బీహార్, బెంగాల్ నుంచి వచ్చిన సెంట్రింగ్ పనివాళ్లు 25 మంది, 850. అక్కడి నుంచే వచ్చిన హెల్పర్లు 50 మంది, 550. బిల్లు 66,950. తలకు 669.50.

బిల్డర్ తలసరి చూస్తాడు: 637.50 నుంచి 669.50, అంటే 5 శాతం పెరుగుదల. కార్మిక సంఘం మగవాళ్లను మాత్రమే చూస్తుంది: మొదట 65 మందికి 48,000, సగటు 738, తర్వాత 95 మందికి 64,550, సగటు 679. అంటే 8 శాతం పడిపోయింది. మూడో మనిషి ఒకడొచ్చి స్థానికులను మాత్రమే లెక్కేస్తాడు: 25 మందికి 18,200, సగటు 728, పాత సగటు కంటే 14 శాతం ఎక్కువ. "చూశారా, వలస వల్ల మనవాళ్లే బాగుపడ్డారు" అంటాడు. ఇక విడివిడిగా వరుసలు చదివితే ఏ స్థానిక వర్గానికీ 5 నుంచి 7 శాతం దాటి పెరగలేదు, ఎవరికీ తగ్గలేదు.

ఈ నాలుగింటిలో ఎక్కువ మోసం చేసేది మూడోది. స్థానికుల సగటు 14 శాతం పెరగడానికి కారణం రేటు కాదు, తక్కువ కూలివాళ్లు జాబితాలోంచి వెళ్లిపోవడం. పాత మస్టర్‌లో స్థానికుల్లో ఆడకూలీలు 35 శాతం, ఇప్పుడు 20. మేస్త్రీలు 30 శాతం, ఇప్పుడు 40. ఒక్కరికి కూడా పైసా పెంచకుండా సగటును పెంచొచ్చు, చివరి వరుసలో నిలబడ్డవాళ్లను ఇంటికి పంపితే చాలు. దీన్ని సరిచేసే దారి పాతదే: పాత మస్టర్‌లోని తలల సంఖ్యను కదపకుండా కొత్త రేట్లు వేయాలి. 30 మందికి 950, 35 మందికి 630, 35 మందికి 480. మొత్తం 67,350, తలకు 673.50, పెరుగుదల 5.6 శాతం. స్థానికుల రేటు గురించి మాట్లాడాలంటే ఈ అంకెతోనే మాట్లాడాలి.

ఆర్థికశాస్త్రంలో ఎక్కువ కాలం నడిచిన తగవుల్లో ఒకటి ఈ చిక్కు మీదే తిరిగింది. 1980లో క్యూబాలోని మారియెల్ రేవు నుంచి కొద్ది నెలల్లోనే దాదాపు 1,25,000 మంది అమెరికా చేరారు. వాళ్లలో చాలామంది మయామిలోనే ఉండిపోవడంతో ఆ ఊరి శ్రామికుల సంఖ్య 7 శాతం దాకా పెరిగింది. 1990లో ఆర్థికవేత్త డేవిడ్ కార్డ్ లెక్క చూసి, స్థానికుల కూలి మీద చెప్పుకోదగ్గ దెబ్బ కనిపించలేదన్నారు. పాతికేళ్ల తర్వాత మరో ఆర్థికవేత్త జార్జ్ బోర్హాస్ అదే ఘటనను మళ్లీ చూసి, హైస్కూల్ పూర్తి చేయని, హిస్పానిక్ కాని మగవాళ్లను మాత్రమే వేరుచేసి 10 నుంచి 30 శాతం పడిపోయిందని తేల్చారు. ఆ తర్వాత మైకేల్ క్లెమెన్స్, జెన్నిఫర్ హంట్ ఆ చిన్న వర్గం శాంపిల్‌ను విప్పి చూస్తే, సరిగ్గా అదే సమయంలో అందులో నల్లజాతి మగవాళ్ల వాటా పెరిగి ఉంది. వాళ్ల సగటు ఆదాయం తక్కువ కాబట్టి, పడినట్టు కనిపించినదాంట్లో చాలా భాగం కూలి పడిపోవడం కాదు, జాబితాలో మనుషులు మారడం. మన మస్టర్‌లో జరిగిందీ అదే, దిక్కు ఒక్కటే వేరు.

ఆ 20 మంది మేస్త్రీలు ఎటు పోయారు

30 మంది స్థానిక మేస్త్రీలు 10 మందయ్యారు. అడ్డా మీద అడిగితే "బీహారోళ్లు వచ్చి తోసేశారు" అనే జవాబు తయారుగా ఉంటుంది. అది నిజం కావచ్చు, కాకనూ పోవచ్చు. మనుషులు ముందు వెళ్లి ఆ ఖాళీలోకి బయటివాళ్లు వచ్చినా మస్టర్ ఇలాగే కనిపిస్తుంది.

తెలంగాణలో ఆ రెండో దారి చాలా పెద్దది. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కరీంనగర్ వైపు సెంట్రింగ్, తాపీ, రాడ్ బెండింగ్ నేర్చినవాడికి హైదరాబాద్ ఒక్కటే మార్కెట్ కాదు. దుబాయ్, రియాద్ కూడా అతని అడ్డాలే. అక్కడి జీతం దిర్హమ్‌లలో కదలకపోయినా రూపాయల్లో కదులుతుంది. ఎందుకంటే దిర్హమ్ డాలర్‌కు 3.6725 దగ్గర, సౌదీ రియాల్ 3.75 దగ్గర ఏళ్ల తరబడి కట్టేసి ఉన్నాయి. 1,200 దిర్హమ్‌ల కాంట్రాక్టు డాలర్ 60 రూపాయలున్నప్పుడు సుమారు 19,600. డాలర్ 80కి చేరితే అదే కాగితం 26,100. షేక్ ఒక్క ఫిల్స్ పెంచకుండా మూడోవంతు పెరిగింది. ఇందులో ఇక్కడి ధరల పెరుగుదల కొంత మింగేస్తుంది, అయినా హైదరాబాద్ సైటులో "ఇంతకు తక్కువైతే రాను" అనే గీత అక్కడి నుంచే పడుతుంది. గల్ఫ్‌కు పంపే పనివాళ్లకు కేంద్రం నిర్దేశించే కనీస రెఫరల్ వేతనాలను 2020 సెప్టెంబర్‌లో 30 నుంచి 50 శాతం తగ్గించి, 2021లో ఆ తగ్గింపును వెనక్కి తీసుకున్నారు. మేస్త్రీల రేటు ఆ నెలల్లో ఎలా నడిచిందో చూసేవాళ్లు ఈ తేదీలను పక్కన రాసుకోవాలి. లేకపోతే గల్ఫ్ దెబ్బను కూడా బీహార్ ఖాతాలో వేసేస్తారు.

దీన్ని తేల్చడానికి ఒకటే పని: పాత మస్టర్‌లోని 30 పేర్లను పట్టుకుని ఒక్కొక్కరినీ వెతకడం. ఇప్పుడేం చేస్తున్నాడు, సైటు ఎప్పుడు వదిలాడు, తనే వదిలాడా, పిలుపు రావడం ఆగిందా, వదిలిన నెలలో తన జాగాలోకి ఎవరొచ్చారు. ఇక్కడ జరిగే తప్పు ఒకటుంది. ఫోన్ ఎత్తిన 18 మందితో మాట్లాడి లెక్క ముగించేస్తారు. ఎత్తినవాళ్లు ఊళ్లో ఉన్నవాళ్లు. నంబర్ మారిపోయిన 12 మందిలోనే గల్ఫ్ పోయినవాడు, పని మానేసి ఆటో తీసుకున్నవాడు, నడుం పడిపోయి ఊళ్లో కూర్చున్నవాడు ఉంటారు. వాళ్ల సంగతి కూలీలను కూడగట్టి తెచ్చే గుంపు మేస్త్రీకి తెలుస్తుంది, ఊళ్లో కిరాణా కొట్టులో తెలుస్తుంది. రెండు రోజుల తిరుగుడు అవసరం. ఆ రెండు రోజులు మిగుల్చుకున్న రిపోర్టును నమ్మక్కర్లేదు.

ఆడకూలీలు 35 నుంచి 5

పాలమూరు (మహబూబ్‌నగర్) లేబర్ అంటే ఒకప్పుడు జంటే. మొగుడూ పెళ్లాం కలిసి గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లల్ని వెంటేసుకుని సైటు పక్క గుడిసెలో దిగేవారు. రేటు కూడా జంటకే మాట్లాడుకునేవారు. ఆ జంట ఇప్పుడు విడిపోయింది, కారణాలు ఒకటి కాదు. ఊళ్లో ఉపాధి హామీ వచ్చింది: 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైనప్పుడు తొలి విడతలోనే మహబూబ్‌నగర్ కూడా ఉంది. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల నీళ్లు కొన్ని మండలాలకు చేరాయి. పిల్లలు బడిలో ఉన్నారు, వాళ్లతో పాటు తల్లి ఆగిపోయింది. ఇప్పుడు తెలంగాణ పల్లెల్లోనే వరి నాట్లకు బీహార్, బెంగాల్ ముఠాలు దిగుతున్నాయి. వలస పోయే నేల వలస రప్పించుకునే నేల అయింది.

ఇవన్నీ నిజమే కానీ సైటు మీద ఆడకూలీ తగ్గడానికి వీటన్నిటికంటే దగ్గరి కారణం పంపు. స్లాబ్ రోజున వరుసగా నిలబడి తట్టలందించే పని ఆడవాళ్లది. రెడీమిక్స్ లారీ, కాంక్రీట్ పంపు వచ్చాక ఆ వరుసే లేదు. దానికి తోడు అల్యూమినియం ఫార్మ్‌వర్క్. బయటి దేశం నుంచి వచ్చిన పద్ధతి, సైటులో దాన్ని ఇప్పటికీ కంపెనీ పేరుతో మైవాన్ అనే అంటారు. ప్లైవుడ్ కోసే వడ్రంగి, మాల్ మోసే మనిషి, ఆ తర్వాత ప్లాస్టరింగ్ ముఠా, ముగ్గురి పనీ అది చాలావరకు మింగేస్తుంది. గోడా స్లాబూ ఒకేసారి పోసి, వారం పది రోజులకో అంతస్తు లేపాలంటే రాత్రీ పగలూ క్యాంపులో అందుబాటులో ఉండే ఒంటరి మగవాళ్లు కావాలి. అంటే వలస మూలంగా వచ్చిందనుకున్న మార్పులో ఒక భాగం అసలు దిగుమతైన పద్ధతి తెచ్చింది, ఆ పద్ధతే వలసనూ పిలిచింది.

కుటుంబం కారణమా, యంత్రం కారణమా అని విడదీయడానికి పంపు వాడని పనులు చూడాలి. 150, 200 గజాల సొంతిళ్లు కట్టే కాలనీల్లో అదే పాలమూరు ఆడకూలీలు ఇప్పటికీ కనిపిస్తే, టవర్ మస్టర్‌లో తగ్గిన 30 మందిలో ఎక్కువ భాగం యంత్రం లెక్క. అక్కడా కనిపించకపోతే ఇంటి లెక్క.

మిగిలినవాళ్లు పోయే చోటు ఇంకోటి ఉంది, అదే టవర్. కట్టినప్పుడు తట్ట మోసిన మనిషి, జనం దిగాక అందులోనే ఇంటిపనికి చేరుతుంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగానికి పోయే ఇళ్లు, అత్తమామలు వేరే ఊళ్లో ఉన్న ఇళ్లు పెరిగేకొద్దీ వంటమనిషి, ఆయా, పనిమనిషి గిరాకీ పెరుగుతుంది. పైఅంతస్తు కుటుంబంలో వచ్చిన మార్పు కింద బస్తీలో కూలి రేటుగా దిగుతుంది. లెక్క చూడండి: మూడిళ్లు, ఇంటికి 3,000, నెలకు 9,000, రోజుకు 5 గంటల చొప్పున 28 రోజులు, గంటకు 64 రూపాయలు. సైటులో 480, 8 గంటలు, గంటకు 60. 22 రోజులు దొరికితే నెలకు 10,560. నెల ఆదాయం తగ్గింది, గంట రేటు పెరిగింది, ఇల్లు నడిచిపోయే దూరంలో ఉంది. దీన్ని "ఆడకూలీ ఆదాయం పడిపోయింది" అని రాసేవారున్నారు.

అధికారిక లెక్కల్లో కనిపించేది వేరు. దేశంలో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో పనిలో ఉన్నవాళ్లు, పని వెతుకుతున్నవాళ్లు కలిపి 2017-18లో 23.3 శాతం ఉంటే, 2023-24లో 41.7 శాతం. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం పల్లెల్లో, అదీ సొంత పొలం, సొంత పశువుల పనిలో వచ్చింది. కూలి రేటు గురించి ఈ అంకె ఏమీ చెప్పదు.

550 ఎవరికి, ఎన్ని గంటలకు

బిల్డర్ పుస్తకంలో 550 అంటే ఠేకేదార్‌కు, అంటే లేబర్ కాంట్రాక్టర్‌కు ఇచ్చేది. పనివాడి చేతికి వచ్చేది గుంపు మేస్త్రీ నోట్‌బుక్‌లో ఉంటుంది, ఒక్కో రోజు హాజరుకు ఇంత అని కమిషన్ పోయాక. వారం వారం ఇచ్చేది ఖర్చీ (చేతి ఖర్చు) మాత్రమే. మిగతాది ఊరికి పోయే రోజు హిసాబ్ (చివరి లెక్క). ఆ హిసాబ్‌లో కోతలు పడితే మస్టర్‌లో ఏ జాడా ఉండదు. కాబట్టి రెండు పుస్తకాలూ చూడాలి. రెండోది చూపించరు. పనివాళ్ల దగ్గర ఫోన్ చెల్లింపుల చరిత్ర ఉంటుంది, అది చూపిస్తారు.

గంటల విషయం ఇంకా సూటి. స్థానికుడు 9కి వచ్చి 6కి పోతాడు, అన్నం గంట తీస్తే 8 గంటలు. క్యాంపు మనిషిని 8కి దింపి 7 దాకా ఉంచుతారు, 10 గంటలు. రోజు రేట్లలో 630కి 550కి తేడా 13 శాతమే. గంటకు తీస్తే 78.75, 55, తేడా 30 శాతం. బిల్డర్ వైపు క్యాంపు, నీళ్లు, కరెంటు తలకు 70, రైలు టికెట్, ఏజెంట్ ఖర్చు రోజుకు 40 కలిపితే గంటకు 66 అవుతుంది. అప్పటికీ స్థానికుడి కంటే 16 శాతం చవక. ఒకే పనికి స్థానికుడి కంటే తక్కువ ఇవ్వకూడదని అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లోనే చెప్పింది. అందుకే రిజిస్టర్‌లో "ఒకే పని" ఎక్కడా కనిపించదు, హోదా పేర్లు మారిపోయి ఉంటాయి.

గుత్త పనుల్లో తిరకాసు ఎదురు దిక్కున ఉంటుంది. చదరపు మీటరుకు 200 ఉన్న రేటు 150 అయితే అడ్డా మీద "పావు వంతు కోశారు" అంటారు. మనిషికి రోజుకు 4 చదరపు మీటర్లు చేసేచోట కొత్త ప్యానెళ్లతో 6 చేస్తే రోజు గిట్టుబాటు 800 నుంచి 900 అయింది. రెండు మాటలూ నిజమే.

వాళ్లు రాకపోయి ఉంటే

అసలు ప్రశ్న ఇది. 5.6 శాతం పెరిగింది సరే, బయటి లేబర్ లేకపోతే 15 పెరిగేదా? దీనికి మస్టర్‌లో జవాబు ఉండదు.

ఎక్కువమంది చేసేది బయటివాళ్లు నిండిన పనులను, అంటే సెంట్రింగ్, రాడ్ బెండింగ్‌లను, స్థానికులే ఉన్న పనులతో పోల్చడం. చిక్కేమిటంటే టవర్లలో పని తప్పినవాడు ఖాళీగా కూర్చోడు. సొంతిళ్ల పనికి పోయి అక్కడి రేటును కూడా కిందికి లాగుతాడు. అప్పుడు రెండూ కలిసి పడతాయి, పోలికలో తేడా సున్నా అని వస్తుంది.

రెండో చిక్కు: లేబర్ పని ఉన్నచోటికే వస్తుంది. రేట్లు పెరుగుతున్నందుకే వచ్చినవాళ్లను చూసి "వాళ్లొస్తే రేట్లు పెరుగుతాయి" అనకూడదు. అందుకే హైదరాబాద్‌తో సంబంధం లేని కారణంతో కదిలిన మనుషుల్ని పట్టుకోవాలి. ఒడిశాలోని బలంగీర్, నువాపడా నుంచి కాంటాబాంజీ స్టేషన్ మీదుగా నగరం చుట్టూ ఇటుక బట్టీలకు వచ్చే దారి దీనికి పనికొస్తుంది. అక్కడ వానలు తప్పిన ఏడు, కొత్త పంట పండుగ నువాఖాయి దాటాక అడ్వాన్సు తీసుకునేవాళ్లు పెరుగుతారు. ఇక్కడ రియల్ ఎస్టేట్ ఎలా ఉన్నా అది జరుగుతుంది. వాన తప్పిన ఏళ్లలో, తప్పని ఏళ్లలో బట్టీ రేటు వేరుగా తీస్తే సరఫరా ప్రభావం కొంత శుభ్రంగా కనిపిస్తుంది.

2020 లాక్‌డౌన్‌ను కూడా ఉదాహరణగా తెస్తారు. మే 1న వలస కూలీలను సొంతూళ్లకు చేర్చే శ్రామిక్ రైళ్లలో దేశంలో మొదటిది బయల్దేరింది మన లింగంపల్లి నుంచే, సుమారు 1,200 మందితో జార్ఖండ్‌లోని హటియాకు. లేబర్ వెళ్లిపోయింది నిజమే, కానీ అదే నెలల్లో సిమెంట్ ఆగింది, బ్యాంకు డబ్బు ఆగింది, కొనేవాడూ ఆగాడు. సరఫరా, గిరాకీ రెండూ కలిసి పోయినచోట రేటు చూసి దేని గురించీ చెప్పలేం. పని తిరిగి మొదలై, లేబర్ ఇంకా తిరిగిరాని వారాలు మాత్రమే లెక్కకు పనికొస్తాయి. అవి సైటుకో రకంగా ఉంటాయి.

పైగా లేబర్ పోతే రేటు పెరుగుతుందన్న గ్యారంటీ లేదు. అమెరికా 1964 చివర మెక్సికో పొలం కూలీల బ్రాసెరో పథకాన్ని ఆపేసింది. స్థానిక కూలీల రేటు అనుకున్నట్టు పెరగలేదని తర్వాతి పరిశోధనలో తేలింది. కాలిఫోర్నియా రైతులు టమాటా కోసే యంత్రానికి మారిపోయారు. హైదరాబాద్ బిల్డర్ దగ్గర మైవాన్ ప్యానెల్ ఇప్పటికే ఉంది.

రేటు మాట్లాడుకునే రోజు బల్ల మీద పెట్టేది

తలసరి సగటు వద్దు. వర్గం వారీగా, గంట రేటుగా, చేతికందిన మొత్తంగా, పాత తలల సంఖ్యతో తూచిన అంకెగా పెట్టాలి. పక్కన వెళ్లిపోయినవాళ్ల జాబితా, ఒక్కొక్కరి ఎదురుగా గల్ఫ్, వేరే వృత్తి, ఊరు, పిలుపు ఆగింది అని నాలుగు గళ్లు. కనీస వేతనాల కరువు భత్యం తెలంగాణలో ఏప్రిల్ 1న, అక్టోబర్ 1న మారుతుంది కాబట్టి పోల్చే రెండు మస్టర్లూ ఏడాదిలో ఒకే అర్ధభాగానివై ఉండాలి.

ఆడకూలీల వరుస పక్కన మాత్రం పెన్సిల్‌తో గీత పెట్టండి. అక్కడున్నది ఐదుగురే. ఆ ఐదుగురి 480కి మనం పాత 35 మంది బరువు వేశాం. ఇద్దరు మారి ఆ రేటు 450 దగ్గరే ఆగి ఉంటే, 5.6 శాతం కాస్తా 4 శాతానికి దిగుతుంది.